పున్నాచారి కటింగ్ ప్లేయర్ల ప్రత్యక్ష ప్రదర్శన

ప్రతి ఉద్యోగీ నెల తిరిగేలోగా ఒక నూతన ఆవిష్కరణ చేసి చూపవలెనని పై ఆఫీసు నుంచి ఉత్తరువు వచ్చిన రోజున, వేములబండ ఎత్తిపోతల మోటారు పున్నాచారి బల్ల మీద కాలిన పేగులన్నీ బయటపెట్టుకుని పడి ఉంది.

ఊళ్ళో అందరూ మోటార్ల షెడ్డు అని పిలిచే ఆ ప్రభుత్వ మరమ్మతు కేంద్రంలో నలభై ఒక్కమంది ఉద్యోగులు. ఏటి నీళ్ళను పొలాలకు తోడే పెద్ద మోటార్లు కాలిపోతే అక్కడికే తేవాలి. అంత బరువును ఎత్తి దించే గొలుసు క్రేను చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు. కాలిన రాగితీగను ఊడబీకి కొత్త తీగ చుట్టే పని పున్నాచారిది. ఆ పని వచ్చినవాడు అతనొక్కడే. మిగిలినవాళ్ళలో సగంమంది మోటార్ల బోల్టులు విప్పి బిగిస్తారు. తక్కిన సగంమంది, విప్పి బిగించినట్టు రాసి సంతకాలు పెడతారు.

పున్నాచారికి యాభై ఏడేళ్ళు. భార్య పోయి ఐదేళ్ళయింది. ఆమె ఆస్పత్రిలో ఉన్నప్పుడు అతను పెట్టుకున్న సెలవు చీటీ పెద్దకర్మ రోజున మంజూరై ఇంటికి వచ్చింది. అప్పటినుంచి అతను ఆఫీసు మనుషులతో అవసరానికి మించి ఒక్క మాట ఎక్కువ మాట్లాడడు. అవసరమైనా తక్కువే మాట్లాడతాడు.

"ఎన్నాళ్ళు పడుద్ది అన్నాయ్?" అని అడిగింది రోశమ్మ. ఆమె వేములబండలో మూడెకరాలు కౌలుకు చేస్తుంది. ఊరివాళ్ళు ఆమెను లిఫ్టు కమిటీకి పెద్దను చేసింది గౌరవం కొద్దీ కాదు. ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి మగవాళ్ళు విసిగిపోయారు.

"ఆరు రోజులు."

"వరి పొట్ట మీదుంది. నాలుగొందల ఎకరాలు. ఇయ్యాల్టి నుంచి పదిహేను రోజులు ఆగుద్ది. ఆ తర్వాత నీళ్ళు పెడితే గడ్డికి పెట్టినట్టే."

"ఆరు రోజులని చెప్పాగా."

"నువ్వు చెబితే సరే. ఈ షెడ్డు చెబితే నమ్మను" అని ఆమె కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది.

ఆరు రోజులని అతను ఊరికే అనలేదు. తన మూడు కటింగ్ ప్లేయర్లను చూసుకుని అన్నాడు. స్టోరులో ఇచ్చిననాడు మూడూ ఒకే అచ్చు. ఇరవై రెండేళ్ళలో మూడూ ముగ్గురు మనుషులయ్యాయి. ఒకదాని ముక్కును రెండు పక్కలా సాన మీద అరగదీసి కాకిముక్కంత సన్నం చేశాడు. అది మోటారు లోపల తీగ కూచునే ఇరుకు గాళ్ళలోకి దూరి, పక్క తీగను తాకకుండా, కావలసిన తీగ కొసను అడుగంటా తుంచుతుంది. రెండోదాని కోసే అంచుకు బియ్యపు గింజంత గంటు పెట్టాడు. దానితో లాగితే తీగ మీది పూత ఒక్కటే ఊడుతుంది, రాగి మీద గీత పడదు. మూడోదాని పిడి చివర పలకగా అరగదీసి ఉంటుంది, తీగ ఇనుముకు తగలకుండా గాళ్ళలోకి కాగితం దోపటానికి. సాన పట్టేటప్పుడు రెండు గీతలకొకసారి నీళ్ళలో ముంచుతాడు. ఉక్కు వేడెక్కి నీలం తిరిగిందంటే ఆ అంచు ఇక దేనికీ పనికిరాదు. చివర నూనెరాయి మీద చేత్తో నూరి, దవడలు మూసి, కిటికీ వైపు ఎత్తి చూస్తాడు. అంచుల నడుమ వెలుతురు గీత కనిపిస్తే మళ్ళీ మొదటికి వస్తాడు.

ఆ రోజు మధ్యాహ్నం వర్క్స్ మేనేజరు సత్యకీర్తి గారు ఉత్తరువు చేతబట్టుకుని షెడ్డు తనిఖీకి వచ్చారు. పదకొండేళ్ళ సర్వీసులో ఆయన ఏ మోటారునూ ముట్టుకోలేదు. అందుచేత ఆయన చేతిమీద ఏ మోటారూ కాలిపోయినట్టు దాఖలా లేదు. పున్నాచారి బల్ల దగ్గర ఆగారు.

"ఇవి ఏమిటి?"

"కటింగ్ ప్లేయర్లు సార్."

"కటింగ్ ప్లేయరు ఏ విధంగా ఉంటుందో నేను ఎరుగుదును. వీటి స్వరూపం ఎందుకు మారింది?"

"అరగదీశా."

"ప్రభుత్వ ఆస్తిని మీరు అరగదీశారు."

"ఆస్తిగా ఉన్నప్పుడు తీగ తెగలా సార్."

సత్యకీర్తి గారు మెమో రాయించటానికి నోరు తెరిచారు. అంతలో ఆయన కళ్ళు చేతిలోని ఉత్తరువు మీద పడ్డాయి. నెల తిరిగేలోగా నలభై ఒక్క ఆవిష్కరణలు పంపాలి. అప్పటికి ఆయన దగ్గర ఒక్కటీ లేదు. తెరిచిన నోటితోనే చిరునవ్వు నవ్వారు.

"పున్నాచారి గారూ, ఇది క్షేత్రస్థాయి ఆవిష్కరణ. ఎంతకాలం నుంచి జరుగుతోంది?"

"ఇరవై రెండేళ్ళు."

"ఇరవై రెండేళ్ళుగా ఒక ఆవిష్కరణను సంస్థకు తెలియకుండా దాచారా?"

"చేతిలోనే ఉండయ్ సార్. రోజూ అందరికీ కనపడతానే ఉండయ్."

ఆయన మూడు ప్లేయర్లనూ పరిశీలనార్థం తీసుకున్నారు. సాయంత్రానికి తిరిగి ఇస్తామన్నారు. వెనక వస్తున్న గుమాస్తాకు రెండు కాగితాలు చెప్పి రాయించారు. ఒకటి పున్నాచారికి అభినందన పత్రం. రెండోది, ఇంతకాలం దాచినందుకు సంజాయిషీ కోరుతూ మెమో. రెండింటికీ ఒకే నంబరు పడింది.

సాయంత్రం ప్లేయర్లు రాలేదు. మర్నాడూ రాలేదు. నాలుగో రోజు ఉదయం ఆఫీసు వరండాలో కొత్త అద్దాల పెట్టె ఒకటి వెలసింది. లోపల ఎర్ర పట్టుగుడ్డ మీద మూడు కటింగ్ ప్లేయర్లు వెల్లకిలా పడుకుని ఉన్నాయి. పెట్టెకు తాళం ఉంది. ముందు ఒక పలక: "తాకరాదు."

ఆ రోజు నుంచి షెడ్డు స్వరూపం మారిపోయింది. ఆవిష్కరణ అంటే ఏమిటో ఎవరికీ తెలియదు కాబట్టి, అద్దాల పెట్టెలో ఉన్నదే ఆవిష్కరణ అని అందరూ తెలుసుకున్నారు. సాన చక్రం దగ్గర బారులు తీరారు. అందరి చేతుల్లోనూ కటింగ్ ప్లేయర్లే. ముక్కు సన్నం చేయటం, అంచుకు గంటు పెట్టటం, పిడి అరగదీయటం అప్పటికే నమోదైపోయాయి. ఒకసారి నమోదైన ఆవిష్కరణను మరొకరు చేయరాదని ఉత్తరువులో ఏడో అంశం చెబుతోంది. అందుచేత ఒకాయన ప్లేయరు పళ్ళన్నీ నున్నగా నూరేశాడు. ఇంకొకాయన దవడలు పూర్తిగా అరగదీసి, రెండు పిడులు మాత్రం మిగిల్చి, ఫారంలో "వేళ్ళు నలగని ప్లేయరు" అని రాశాడు. ఇద్దరు ఫిట్టర్లు రెండు ప్లేయర్లను వీపులు ఆనించి వెల్డింగ్ చేసి "సమష్టి కృషి" అని పేరు పెట్టారు. వాచ్‌మన్‌కు ప్లేయరు లేదు. అతను గేటు తాళంచెవిని నూరాడు. ఆ సాయంత్రం గేటు తెరుచుకోలేదు. అదీ భద్రతా విభాగం కింద నమోదైంది.

సత్యకీర్తి గారు నీళ్ళలో ముంచటం వంటి జాప్యాలను సహించలేదు. దాంతో సాన పట్టిన ప్రతి ప్లేయరూ నెమలికంఠం రంగుకు తిరిగింది. ఆయన ఒకదాన్ని ఎత్తి చూసి, "వర్ణ సౌందర్యం కూడా సమకూరింది. ఇది అదనపు ఆవిష్కరణగా చూపవచ్చు" అన్నారు.

వారం తిరిగేసరికి షెడ్డులో తీగ కోసే ప్లేయరు ఒక్కటీ లేకుండా పోయింది. తీగ తెంపాలంటే విరిగేదాకా ఇటూ అటూ వంచుతున్నారు. పళ్ళు బాగున్నవాళ్ళు పళ్ళతో కొరుకుతున్నారు. అది ఆవిష్కరణ అవుతుందా అని ఒకడు అడిగితే, ఉపకరణం ప్రభుత్వానిది కాదు కాబట్టి కాదని తేల్చారు.

పున్నాచారి స్టోరు దగ్గరికి వెళ్ళాడు. స్టోర్ కీపరు యోబు అతనితో పాటే ఉద్యోగంలో చేరినవాడు.

"కొత్త ప్లేయరొకటి ఇవ్వు యోబూ. ముక్కు అరగదీసుకుంటా."

యోబు బీరువా తీయలేదు. ఫారం తీశాడు. "ఏ మార్పు చేస్తావో ఇందులో రాయాలి ఆచారీ."

"చెప్పాగా. ముక్కు సన్నం చేస్తా."

"అది నమోదైపోయింది."

"ఎవరి పేరు మీద?"

"నీ పేరు మీదే."

"నా పేరు మీదుంటే నేను చేసుకోకూడదా?"

"నువ్వు చేస్తే పునరావృతి. ఇంకోడు చేస్తే చౌర్యం" అన్నాడు యోబు. తర్వాత గొంతు తగ్గించాడు. "నన్ను చూడబాక అట్టా. నేనూ ఒకటి చెయ్యాలంట. స్టోర్ కీపర్ని, నేనేం చేసేది? బీరువా తలుపు తిరగేసి బిగించా. ఇప్పుడు తాళం లోపలేపు ఉంది."

పున్నాచారి బజారుకు పోయి సొంతానికి ఒక ప్లేయరు కొన్నాడు. ఇంట్లో గోలెం పక్కన కూచుని, నీళ్ళలో ముంచుకుంటూ రెండు పూటలు సాన పట్టాడు. మర్నాడు గేటు దగ్గర వాచ్‌మన్ దాన్ని పట్టుకున్నాడు. సొంత పనిముట్లు లోపలికి తేకూడదు. తెస్తే, సాయంత్రం బయటికి పోయేటప్పుడు అది సొంతదో ప్రభుత్వానిదో తేల్చటానికి కమిటీ వేయాలి.

"మోటారు చుట్టాలయ్యా" అన్నాడు పున్నాచారి.

"చుట్టు. ఎవరొద్దన్నారు? చేతులతో చుట్టు" అన్నాడు వాచ్‌మన్.

ఎనిమిదో రోజున రోశమ్మ వచ్చింది. మోటారులో ఒక్క కొత్త తీగ కూడా ఎక్కలేదు. పున్నాచారి కాలిన తీగంతా పీకి, గాళ్ళు శుభ్రం చేసి, కాగితం కోసి పెట్టుకుని ఊరికే కూచుని ఉన్నాడు. అతను అలా చేతులు కట్టుకుని కూచోవటం ఆ షెడ్డులో ఎవరూ చూసి ఎరగరు.

"ఏంది అన్నాయ్, ఆరు రోజులన్నావు."

"నా ప్లేయర్లు పెట్టెలో పెట్టారు."

"ఏ పెట్టెలో?"

అతను వరండా వైపు చూపించాడు. ఆమె వెళ్ళి అద్దాల పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. "పటం ఒకటి తక్కువ. దండ కూడా ఏస్తే సరిపోద్ది" అంది. "నీళ్ళు కట్టి తొమ్మిది రోజులైంది. నేల నోరు తెరిచింది. చీలికల్లోకి చెయ్యి పోతంది. నీకు చేతగాకపోతే చెప్పు. ఎండినదాన్ని గొర్రెలకన్నా వదిలేస్తాం."

పున్నాచారికి మాట తగిలింది. అతను లేచి, చేతులు తుడుచుకుని, సత్యకీర్తి గారి గదికి వెళ్ళాడు.

"సార్, నా ప్లేయర్లు ఇప్పించండి. వేములబండ పైరు ఎండిపోతంది."

"పున్నాచారి గారూ, అవి ఇప్పుడు మీ ప్లేయర్లు కావు. ప్రదర్శనా వస్తువులు. ప్రదర్శనా వస్తువును వినియోగించటానికి నిబంధనలు అంగీకరించవు."

"ఎప్పుడూ తియ్యకూడదా సార్?"

"సందర్శకుల సమక్షంలో ప్రత్యక్ష ప్రదర్శన నిమిత్తం మాత్రమే తీయవచ్చు." సత్యకీర్తి గారు నిట్టూర్చి, బల్ల మీది కొత్త పుస్తకం ఒకటి తెరిచి చూపించారు. సందర్శకుల పుస్తకం. మొదటి పేజీ తెల్లగా ఉంది. "పై ఆఫీసు వారు రోజూ ఫోను చేసి సందర్శకుల సంఖ్య అడుగుతున్నారు. నేను ఏమి చెప్పేది? నిన్న ఒక కుక్క వచ్చింది."

పున్నాచారి ఆ తెల్లకాగితం వైపు కాసేపు చూశాడు.

"ఎంతమంది కావాలి సార్?"

బయటికి వచ్చి రోశమ్మతో అన్నాడు: "రేపు పొద్దున్నే ఊళ్ళో ఖాళీగా ఉన్నోళ్ళని తీసుకురా. వచ్చి కూచోవాలి. నేను తీగ తుంచినప్పుడల్లా చప్పట్లు కొట్టాలి."

రోశమ్మ అతని ముఖంలోకి చూసింది. వేళాకోళం కాదని తెలుసుకుంది. "నీళ్ళు లేనోళ్ళకి పనేముంది? ఊరంతా ఖాళీయే" అంది.

తొమ్మిదో రోజు ఉదయం వేములబండ నుంచి రెండు ట్రాక్టర్ల జనం దిగారు. అద్దాల పెట్టె తాళం తీశారు. ఎర్ర పట్టుగుడ్డతో సహా మూడు ప్లేయర్లనూ పళ్ళెంలో పెట్టుకుని గుమాస్తా బల్ల దగ్గరికి మోసుకొచ్చాడు. పున్నాచారి వాటిని తీసుకుని మొదట కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాడు. ఎవరూ ముట్టుకోలేదు. అంచులు కలుస్తున్నాయి. కూచున్నాడు. మొదటి తీగ కొస టిక్కుమని తెగింది. డెబ్బైమంది చప్పట్లు కొట్టారు.

సత్యకీర్తి గారి కళ్ళు చెమర్చాయి. "ఒక సామాన్య ఉపకరణం ప్రజలను ఈ విధంగా ఆకర్షించటం చరిత్రలో ప్రథమం" అన్నారు. సామాన్యమైన పని అక్కడ జరిగి ఎనిమిది రోజులైంది కాబట్టి, ఆ మాటలో అబద్ధం లేదు.

ప్రదర్శన రెండో రోజున ఒక చిక్కు వచ్చింది. పై ఆఫీసు నుంచి చీఫ్ ఇంజనీరు గారి తనిఖీ బృందం మధ్యాహ్నం వేళ వచ్చింది. ఆ సమయానికి పున్నాచారి క్యారేజీ విప్పుకుని షెడ్డు వెనక అన్నం తింటున్నాడు. డెబ్బైమంది రైతులు ఖాళీ బల్ల వైపు చూస్తూ కూచుని ఉన్నారు. ఒక ముసలాయన నిద్రలోంచి ఉలిక్కిపడి లేచి, అలవాటు కొద్దీ ఖాళీ బల్లకే చప్పట్లు కొట్టాడు. బృందం వారు చూశారు. రాసుకుని వెళ్ళారు. సాయంత్రానికల్లా ఉత్తరువు దిగింది: "సందర్శకులు వీక్షించుచుండగా ప్రత్యక్ష ప్రదర్శనను ఎట్టి పరిస్థితులలోనూ, ఎవరునూ, మధ్యలో నిలుపుదల చేయరాదు. అతిక్రమించిన అధికారిపై శాఖాపరమైన చర్య తీసుకొనబడును."

పున్నాచారి ఆ ఉత్తరువును రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత రెండు రోజులూ బల్ల దగ్గరే ముద్దలు చేసుకుని తిన్నాడు. ముద్దకు కూడా ఇద్దరు ముగ్గురు చప్పట్లు కొట్టారు. తీగచుట్టలు గాళ్ళలోకి ఎక్కాయి. కాకిముక్కు ప్లేయరు తీగ కొసలను తుంచింది. గంటు ప్లేయరు పూతను ఊడ్చింది. పలక పిడి కాగితాన్ని దోపింది. పన్నెండో రోజు ఉదయానికి చుట్టటం అయిపోయింది. వార్నిషు తాగించి, చుట్టూ పెద్ద బల్బులు పెట్టి ఆరబెట్టాడు. ఆ పూటంతా డెబ్బైమంది వార్నిషు ఆరటం చూశారు. "సందర్శకులు మిక్కిలి ఆసక్తితో తిలకించారు" అని పై ఆఫీసుకు నివేదిక వెళ్ళింది. సందర్శకుల పుస్తకంలో అభిప్రాయం అన్న గడిలో అందరూ ఒకే మాట రాశారు: నీళ్ళు. అది షెడ్డులో తాగునీటి సదుపాయం గురించిన ఫిర్యాదు అనుకుని సత్యకీర్తి గారు కొత్త కుండ పెట్టించారు.

పదమూడో రోజు మోటారును బిగించి తిప్పి చూశారు. చప్పుడు లేకుండా తిరిగింది. రోశమ్మ ట్రాక్టరు వెనక్కి పెట్టించింది. గొలుసు క్రేను దగ్గరికి వెళ్ళేసరికి, మోటారుకు అప్పటికే ఒక తాడు కట్టి పలక వేలాడదీసి ఉంది: "తాకరాదు."

"ఇదేంది సార్?" అన్నాడు పున్నాచారి.

"ప్రత్యక్ష ప్రదర్శనలో రూపుదిద్దుకున్న మొట్టమొదటి మోటారు ఇది. ఆవిష్కరణ ఫలితం. ఆవిష్కరణ పెట్టెలో ఉండగా, దాని ఫలితం బయట తిరగటం సమంజసమా? పెద్ద అద్దాల పెట్టెకు కొలతలు పంపాము."

రోశమ్మ ముందుకొచ్చింది. "అయ్యా, రెండు రోజులే ఉంది మాకు. నాలుగొందల ఎకరాలు. పిల్లా జెల్లా గింజలు తినేది మోటారు అద్దంలో ఉంటేనా, ఏట్లో ఉంటేనా?"

"అమ్మా, మీ ఆవేదన నమోదు చేసుకున్నాము" అన్నారు సత్యకీర్తి గారు. నిజంగానే గుమాస్తా నమోదు చేసుకున్నాడు.

ఆమె అరవలేదు. నేల మీద కూచుని, నోట్లో కొంగు పెట్టుకుంది. పున్నాచారి ఆమె వైపు చూడలేదు. మోటారు వైపు చూశాడు. ఆస్పత్రి వరండాలో సెలవు చీటీ కోసం ఎదురుచూస్తూ తను కూచున్న తీరు అతనికి గుర్తొచ్చింది. అప్పుడు తను మాట్లాడలేదు. వస్తుందిలే అనుకున్నాడు.

"సార్" అన్నాడు. "నిలబడ్డ మోటార్ని చూపిస్తే అది ప్రదర్శనే గానీ ప్రత్యక్షం ఎట్టా అవుద్ది?"

సత్యకీర్తి గారు మోటారుకు వేలాడుతున్న పలక వైపు తిరిగి చూశారు.

"తిరగాల సార్ మోటారు. నీళ్ళు పొయ్యాల. చీఫ్ గారొచ్చి పక్కన నిలబడాల. చుట్టూ జనం ఉండాల. మీరు మైకులో మాట్లాడాల."

అతను అన్నేళ్ళలో ఆయనతో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. సత్యకీర్తి గారికి మైకు ఒక్కటే వినిపించింది.

"క్షేత్రస్థాయి ప్రత్యక్ష ప్రదర్శన" అన్నారు, కళ్ళు మూసుకుని.

పదిహేనో రోజు ఉదయం వేములబండ ఏటి ఒడ్డున షామియానా లేచింది. మోటారుకు బంతిపూల దండ వేశారు. పున్నాచారి తీగలు కలిపి, పూలదండలో ఒక రేకు ఫ్యాను వైపు జారుతుంటే తీసి పారేశాడు. చీఫ్ గారు కారు దిగి మీట నొక్కారు. గొట్టం రెండుసార్లు దగ్గి, గాలి కక్కి, ఒక్కసారిగా నీళ్ళు పోసింది. పంట కాలువ ఒడ్డున నిలబడ్డ జనం ఈసారి చప్పట్లు కొట్టలేదు. నీళ్ళు కాలువలో మొదటి మలుపు తిరిగి, మొదటి చెక్కలోని చీలికల్లోకి ఇంకిపోవటం చూస్తూ ఉండిపోయారు. సత్యకీర్తి గారు మోచేత్తో పొడిస్తే గుమాస్తా చప్పట్లు మొదలుపెట్టాడు.

ఉపన్యాసాలు అయ్యాయి. నూతన ఆలోచనలే జాతి సంపద అని చీఫ్ గారు చెప్పారు. ఈ నీటిలో ఒక ప్లేయరు దాగి ఉన్నదని సత్యకీర్తి గారు చెప్పారు. చీఫ్ గారు భోజనానికి వెళ్ళిపోయారు. షామియానా తాళ్ళు విప్పటం మొదలైంది.

"ప్రదర్శన జయప్రదంగా ముగిసింది. మోటారు ఆపి లారీ ఎక్కించండి" అన్నారు సత్యకీర్తి గారు.

ఎవరూ కదల్లేదు. రోశమ్మ కాలువ గట్టు మీద గోనెపట్టా పరుచుకుని కూచుని ఉంది.

"మేం ఇంకా చూస్తన్నాం బాబయ్యా" అంది.

"చూశారు గదమ్మా."

"బాగా ఆనలేదు. మళ్ళీ చూస్తన్నాం."

ఆమె పక్కన ఇంకొకామె కూచుంది. ఆమె పక్కన ఇద్దరు ముసలివాళ్ళు కూచున్నారు. ఊరు ఊరంతా వరసగా గట్టు మీద కూచుని మోటారు వైపు తిరిగింది. పున్నాచారి జేబులోంచి మడత కాగితం తీసి సత్యకీర్తి గారి చేతిలో పెట్టాడు. ఆయన చదువుకున్నారు. ఎవరునూ అన్న చోట ఒకసారి, శాఖాపరమైన చర్య అన్న చోట ఒకసారి ఆగారు.

"ఎంతసేపు చూస్తారు?" అని అడిగారు.

"చూడముచ్చటగా ఉంది. ఎంతసేపని చెబుతాం?" అంది రోశమ్మ.

ఆయన ఒక అటెండరునూ, సందర్శకుల పుస్తకాన్నీ అక్కడ వదిలి వెళ్ళిపోయారు.

మర్నాటి నుంచి వేములబండలో ఇంటికొక పూట వంతు వేసుకున్నారు. ఏ వేళనైనా మోటారు ముందు ఇద్దరికి తక్కువ కాకుండా కూచున్నారు. వచ్చినవాళ్ళు పుస్తకంలో సంతకం పెట్టి, అటెండరుకు వినపడేలా నాలుగు చప్పట్లు కొట్టి, పప్పు గిల్లుకుంటూనో చంటిపిల్లను జోకొడుతూనో నీళ్ళను చూసేవాళ్ళు. కన్నెగంటి వారి కోడలు పురిటికి పోతూ తన వంతు తోడికోడలికి అప్పజెప్పింది. వాన పడిన రోజు గొడుగులు వేసుకుని చూశారు. మూడో తడికి వరి తల వంచింది. సందర్శకుల సంఖ్యలో ఆ కేంద్రం అన్ని కేంద్రాలనూ మించిపోయింది. సత్యకీర్తి గారికి శాలువా కప్పారు. ఆ శాలువా కప్పిన సభలో పున్నాచారి లేడు. అతనికి ఆ రోజు పక్క ఊరి మోటారు వచ్చింది. ఆ ఊరివాళ్ళు ఎవరూ చెప్పకుండానే చాపలతో సహా దిగి, బల్ల ముందు కూచున్నారు.

ఏటి ఒడ్డున ప్రదర్శన మొదలైన నలభై మూడో రోజున గట్టు మీదికి ఎవరూ రాలేదు. నలభై నాలుగో రోజూ రాలేదు. అటెండరు ఒంటరిగా కూచుని నీళ్ళు చూసి చూసి, చివరికి మీట కట్టేసి, పుస్తకం చంకన పెట్టుకుని షెడ్డుకు వచ్చేశాడు.

పై ఆఫీసు గాభరా పడింది. మరుసటి వారం పున్నాచారికి మెమో వచ్చింది. విశేష ప్రజాదరణ పొందిన ప్రత్యక్ష ప్రదర్శన పట్ల సందర్శకుల ఆసక్తి ఆకస్మికంగా సున్నాకు పడిపోవటానికి కారణమేమో, ఆ ఆసక్తిని పునరుద్ధరించుటకు తీసుకొనవలసిన చర్యలేమో మూడు దినములలోగా సవివరంగా తెలియజేయవలెను.

పున్నాచారి మూడు రోజులు తీసుకోలేదు. నిలబడే రాసి ఇచ్చాడు.

"వడ్లు ఇళ్ళకు చేరినవి. మళ్ళీ నాట్లు పడేదాకా ఆగవలెను."